బ్లీచింగు మందులో చింతపండు

ఆస్పత్రి దుప్పట్లు నానబెట్టాలి, ఆవిరి పట్టించి ఉబ్బ వేయాలి, రేవులో జాడించాలి, సాయంత్రానికి అప్పగించాలి. ఇన్నాళ్లూ ఇద్దరూ కలిసి చేసిన ఈ పని నేడు పైడమ్మ ఒక్కతే చేయాలి. నర్సీపట్నం రేవు పక్క గుడిసెలో మొగుడు సన్నాసి చాప మీద ఆయాసపడుతున్నాడు.

"బ్లీచింగు మందు ఆరుబయటే కలుపు. నీళ్లు మెండుగా పొయ్యి."

"సింతపండో?"

"దాని జోలికెల్లకు. మరక బేగి పోద్దని రెండూ కలిపీసినాను. ఆ గాలే గుండెల్లోకెల్లిపోనాది."

"మాయమ్మ సింతపండుతోటే మరకలు తీసీది."

"అప్పుడీ మందు లేదు. ఉంటే నాకు అత్త ఉండీది కాదు."

పైడమ్మ దుప్పట్లు మూట కట్టింది.

"డాక్టరుగారు ఏటన్నారు?"

"నీ పెళ్లానికి పనొచ్చునా అనడిగినారు."

"నీ రోగం గురించో?"

"అంతే అడిగినారే."

ఆమె మూట నెత్తికెత్తుకుంది.

ఆస్పత్రిలో తెల్లని దుప్పటి మీద పడుకున్నప్పుడు సన్నాసిని ఒక్కసారి తలుచుకోండి.