పనిక్కాక్ పేరిట ఒక పెట్టె

హలో… ఆ, నేనే. ఇంకెవరుంటారు ఈ ఇంట్లో.

… ఏ ఫెక్లా? … ఓ, మా తమ్ముడి కూతురివా. పట్నం ఆఫీసులో చేరాక గొంతు మారిందే నీకు. చెప్పమ్మా.

… ఆ, తెలుసు. క్రిస్మస్ పెట్టెలు. ఏటా మీ ఆఫీసువాళ్ళు పంపిస్తారుగా. మన నేల మీద మన యూపిక్ జనమంతా కలిసి పెట్టుకున్న కంపెనీ, పెద్దలకి కృతజ్ఞతతో అని పైన రాసుంటుంది. కూడబలుక్కుని చదువుతా.

… నాకు రెండెందుకు? ఒకటి నాది. ఇంకోటి?

…

మీ పెద్దమ్మకా.

…

ఏడవకు. తప్పు జరిగింది, సరే. మొన్నీమధ్య, ఏరు గడ్డకట్టడం మొదలైన రోజుల్లో పోయింది, అంత పెద్ద ఆఫీసులో ఎవరికి గుర్తుంటుంది… లేదమ్మా, నాకేం కోపం లేదు. క్షమించడానికేముంది ఇందులో…

ఏమన్నావు? ఆ పెట్టె దించేస్తున్నారా? విమానంలోంచా?

ఆపించు.

… ఆపించమంటున్నా. … కాదు, నా కోసం కాదు. నా గుమ్మంలో దించొద్దు. ఎగువ ఊళ్ళో దించాలి. ఇక్కడినించి అక్కడికేగా పోయేది ఆ విమానం.

… నస్తాస్యా ఇంట్లో. మొన్న ఆడపిల్లని కన్నది. బిడ్డకి మీ పెద్దమ్మ పేరే పెట్టారు. పెట్టె మీద ఏం పేరుంది? … చదువు. … పనిక్కాక్. మరి తప్పెక్కడుంది?

… పట్నంలో పెరిగావు, మరిచిపోయావు. యూపిక్ పిల్లవేగా, మీ అమ్మ చెప్పలేదూ? పోయినవాళ్ళ పేరు మోసే బిడ్డకి పెడితే వాళ్ళకే అందుతుంది. తిండి పెడితే తిండి. ఏదన్నా కప్పితే వెచ్చదనం.

… కాఫీ పొడి ఉంటే ఉండనీ. పిల్ల తాగదులే, పిల్లని ఒళ్ళో పెట్టుకుని వాళ్ళమ్మ తాగుతుంది. కాఫీ చుక్క పడందే మీ పెద్దమ్మ పొద్దున్నే నోరు తెరిచేది కాదు. పడ్డాక మూసేదీ కాదు… ఆ, నవ్వు. పర్లేదు.

… నేనే బిడ్డకేదన్నా తీసుకెళ్దామనుకున్నా. ఏటిమంచు మీదే దారి, అది ఇంకా గట్టిపడలేదు ఈ ఏడు. మంచుబండి మీద కొంత దూరం పోయా, అడుగున నీళ్ళ చప్పుడు. వెనక్కి తిరిగొచ్చా… ఎవరికీ చెప్పకు.

… తొందరెందుకంటే—

కలలోకి వస్తోంది.

… ఏమీ అనదు. ఉత్త చేతులతో గుమ్మంలో నిలబడుతుంది. చేతులు చంకల్లో దోపుకుంటుంది. పండక్కి ఊరందరికీ ఏదో ఒకటి అందుతుంది, ఒక్క ఆవిడకే…

దుప్పటుందా అందులో? … ఉన్నిదేనా? … ఊఁ.

విమానం ఇంకా మీ ఆఫీసు పక్కనే ఉందా? మరి కూర్చుని వింటావేం, లే.

… ఎవరొప్పుకోవాలి? … మీ పై ఆఫీసరు, ఆ వాసిలీయా. ఆ రూలు వాడే పెట్టాడా, పోయినవాళ్ళ పెట్టె వెనక్కి తీసుకోవాలని?… పాపం, ఇంట్లోవాళ్ళు బాధపడతారని పెట్టుంటాడు. పక్క గదిలోనేనా?

అయితే నా మాటగా చెప్పు. మా అన్న ఏటిమంచు విరిగి మునిగిపోయాక పుట్టాడు వాడు. మా అన్న పేరే వాడికి పెట్టారు. ముక్కు కారుకుంటూ తిరిగేవాణ్ణి పట్టుకుని అన్నయ్యా అని పిలిచేవాణ్ణి నేను, నలుగురిలో. ప్రతి పండక్కీ సీల్ తోలు చేతితొడుగులిచ్చా. ఒకటి పారేసుకుని ఏడుస్తూ వచ్చేవాడు, మళ్ళీ ఇచ్చేవాణ్ణి. ఎవరు కుట్టారనుకున్నావు?

… ఆ. మీ పెద్దమ్మే.

వెళ్ళు. ‘నీ తమ్ముడు అడుగుతున్నాడు’ అని వాడితో చెప్పు. ఆ ఒక్క ముక్క చాలు.

…

…

హలో… ఫెక్లా… ఉన్నావా లైనులో?

…

ఎవరైనా ఉన్నారా అక్కడ? ఆ పైలట్లకి ఆగే ఓపికుండదు… ఇక్కడ చూస్తే పొగమంచు దిగుతోంది. పక్కింటి పొగగొట్టం కూడా కనపట్లేదు…

…

ఆ, ఫెక్లా. … చెప్పావా? … ఏమన్నాడు? … ఏమీ అనకుండా ఎటు పోయాడు? … కోటు కూడా వేసుకోకుండానా?

… కిటికీలోంచి చూడు. … ఆ. … పెట్టె వాడి చేతుల్లోనే ఉందా? … ఎటు నడుస్తున్నాడు, విమానం వైపా, గోదాం వైపా?

…

ఆఫీసు బూట్లేసుకుంటే జారడూ మరి. … లేచాడా? … పెట్టె కింద పడలేదుగా? … ఆ. … ఎక్కించాడా?

…

మంచిది.

… ఇక్కడ మంచు పట్టేసి దిగలేకపోతే నా పెట్టె గురించి ఆగొద్దని చెప్పు ఆ పైలట్‌కి. ఎగువన దిగితే చాలు. నాకు ఎండుచేపలున్నాయి.

… ఎవరూ? … ఇవ్వు.

… ఆ. అన్నయ్యా.

… బాగానే ఉన్నా. మోకాళ్ళే, చలికి. … నాకేం పంపొద్దు. … రూలు సంగతి నాకెందుకు, నీ ఇష్టం. … రొప్పుతున్నావేం, ఒళ్ళొచ్చిందా? … తొడుగులు లేకుండానే పోయావా ఆ చలిలోకి?

… ఉన్నాయా. ఏ తొడుగులు?

…

ఇంకా ఉంచావూ ఆవిడ కుట్టినవి.

…

మాట్లాడకు. మనిద్దరికీ రాదు ఆ మాట్లాడటం. ఆ కిటికీ తెరిచి ఫోన్ విమానం వైపు పెట్టు. … చలి కొడుతుంది, తెలుసు. కాసేపే.

…

…

ఆ. లేచింది.

ఉంటా, అన్నయ్యా.