పన్నెండు కొట్టేదాకా చంకలో బంతి

(విస్కాన్సిన్‌లో, ఊరికన్నా అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియమే పెద్దదైన ఒక ఊరు. ఆగస్టు చివరి మంగళవారం, పొద్దెక్కాక. వంటింట్లో వెండెల్, అతని భార్య టెస్సా.)

"దాన్ని పక్కన పెట్టి తిను."

"పెట్టను."

"టేబుల్ మీదే వెండెల్. నీ కంచం పక్కనే."

"టేబుల్ నా ఒళ్ళు కాదు కదా. ఒంటికి తగిలే ఉండాలన్నాడు కోచ్."

"పోనీ ఒళ్ళో పెట్టుకో."

"దొర్లిపోతుంది టెస్సా. గుండ్రటి బంతైతే ఒక చోట ఉండేదేమో, ఇది బొప్పాయికాయ వాటం. చంకలో తప్ప ఎక్కడా కుదురుగా ఉండదు. నువ్వే ఆ పాన్‌కేక్ ముక్కలు చేసిపెట్టు."

"చేసి నోట్లో పెట్టనా?"

"పెడితే మంచిదే."

"పెళ్ళిలో పాస్టర్ నా చేత చేయించిన ప్రమాణాల్లో ఇది లేదు."

"ఆయన పేరెత్తకు."

"ఆయనేం చేశాడు?"

"ఆదివారం ప్రార్థన అయ్యాక, నీ కోసం ప్రత్యేకంగా దీవెన చెప్తాను రా అన్నాడు. కళ్ళు మూసుకోమన్నాడు. మూసుకున్నా. ఒక చెయ్యి తల మీద పెట్టాడు. రెండో చెయ్యి చంకలోకొచ్చింది."

"పొరపాటున తగిలుంటుంది."

"లాగాడు టెస్సా. ఆమెన్ అనేదాకా లాగుతూనే ఉన్నాడు."

"నువ్వు వదిల్లేదుగా?"

"వదల్లేదు. ఆయన ఇంకోసారి ఆమెన్ అని, ఇంకోసారి లాగాడు."

"ఆయన్నేం అనగలం. నీ దగ్గర ఆ బంతి లాక్కుని కోచ్ బల్ల మీద పెట్టినవాళ్ళకి స్టేడియంలో సీజనంతా రెండు కుర్చీలాయె. ఈ ఊళ్ళో ఆ కుర్చీల కోసం, పుట్టిన బిడ్డకి పేరు పెట్టకముందే వరసలో పేరు రాయిస్తారు."

"పేరు పెట్టకముందే ఏ పేరు రాయిస్తారు?"

"తండ్రి పేరే. అందుకే ఈ ఊళ్ళో ఇంతమంది జూనియర్లు."

"నవ్వు, నవ్వు. బంతి పోతే సాయంత్రం బస్సుకి మనిద్దరం నెబ్రాస్కా వెళ్ళి మా నాన్న మొక్కజొన్న చేలో పురుగులేరాలి. కోచ్ ఏమీ దాచుకోలేదు. 'కాలేజీలో నువ్వు పట్టినవన్నీ టీవీలో చూశాను. ఇక్కడ నువ్వు జారవిడిచినవన్నీ కళ్ళారా చూశాను. మంగళవారం పన్నెండింటికి జట్టు ఖాయం చేస్తాను. అప్పటిదాకా బంతి నీ ఒంటి మీంచి దిగకూడదు. అది దిగితే నీ పేరూ దిగుతుంది' అన్నాడు."

"తప్పేం అన్నాడు? విసిరేవాడికి నీ మీద నమ్మకం ఉండొద్దూ?"

"కాలేజీలో ఎప్పుడైనా జారవిడిచానా నేను?"

"జారవిడవలేదు. విసిరికొట్టావు."

"అది వేరు."

"గీతకింకా ఒక్క అడుగుంది. వెనకాల తరిమేవాడు లేడు. దాటితే గెలుపు. దాటకముందే సంబరం పట్టలేక బంతి నేలకేసి కొట్టి గంతులేశావు. నువ్వు గంతులేస్తుంటే అవతలివాడొచ్చి ఏరుకుపోయాడు. ఆ ఫొటో ఇప్పటికీ మా అమ్మ ఫ్రిజ్ మీదుంది."

"దాటాననుకున్నా."

"అనుకున్నావు. అప్పట్నుంచీ నేను చెప్పేదొకటే. ఏదైనా గీత దాటాక."

"గీత దాటాక. సరే. ఆ సిరప్ ఇంకొంచెం పొయ్యి. నిన్న పళ్ళ డాక్టరేం చేశాడో చెప్పానా?"

"చెప్పలేదు."

"మత్తు సూది మోచేతికి వెయ్యబోయాడు."

"పన్ను నొప్పికి మోచేతికా?"

"ఈ మధ్య పంటి నరాలు అక్కడిదాకా వస్తున్నాయని చెప్పాడు. లేచి వచ్చేశా. పన్ను అలాగే సలుపుతోంది. అక్కణ్ణుంచి సూపర్ మార్కెట్‌కి వెళ్తే, చీజ్ దగ్గర ఎవరో పెద్దావిడ మూర్ఛపోయింది. సరిగ్గా నా మీదికే."

"అయ్యో."

"ఎడమచేత్తో పట్టుకున్నా. ఆవిడ బుట్టలోంచి ఊరగాయ సీసా ఎగిరింది. అదీ పట్టుకున్నా."

"దేంతో?"

"అదే చేత్తో. ఆవిణ్ణి మోకాలి మీద ఆన్చి."

"మరి బంతి?"

"కుడి చంకలో. ఆవిడ ఒక కన్ను తెరిచి చంక వైపు చూసింది, ఛీ అంది, లేచి బిల్లు కట్టుకుని వెళ్ళిపోయింది."

"మైదానంలో ఎప్పుడూ ఇంత బాగా పట్టలేదే నువ్వు."

"మైదానంలో ఎవరూ ముసలమ్మల్ని విసరరు."

"అంటే ఈ వారంలో నీ చేతికొచ్చింది ఏదీ కిందపడలేదన్నమాట."

"నేను దాని గురించి ఆలోచించనే లేదు. లేదు. ఏదీ పడలేదు."

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే ఊఁ. ఈ ఊరు ఊరంతా నీ మీద పడకపోతే ఈ వారం ఎలా గడిచేదంటావు?"

"హాయిగా. బంతిని చంకలో పెట్టుకుని సోఫాలో నిద్రపోయేవాణ్ణి."

"అదే."

"ఏది అదే?"

"ఏం లేదు. తలుపెవరో కొడుతున్నారు."

"తియ్యకు."

"మా అమ్మ."

"అందుకే తియ్యొద్దంటున్నా."

"ఉండమ్మా, వస్తున్నా... రా."

"తలుపు తియ్యడానికి ఇంతసేపా? లోపల బతికున్నారో లేదో అనుకున్నా. అల్లుడూ, ఇదిగో, బంగాళాదుంపలూ చీజూ వేసి కాల్చుకొచ్చా. ఇప్పుడే పొయ్యిలోంచి తీశా. గాజు పాత్ర నాయనా, బరువు. రెండు చేతులా అందుకో."

"అక్కడ పెట్టండి అత్తయ్యా."

"చేతులు కాలిపోతున్నాయి."

"మందపాటి గ్లౌజులు వేసుకున్నారు కదా అత్తయ్యా."

"మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ నా చేతిలో ఏదుంటే అది ఎదురొచ్చి అందుకునేవాడు. రోలాండ్ లాంటి మనిషి మళ్ళీ పుట్టడు."

"అమ్మా, బంతి కోసమే వచ్చావా?"

"నేనా? కన్నకూతురి సంసారం కంటే నాకు రెండు కుర్చీలెక్కువటే?"

"ఎక్కడున్నాయట అత్తయ్యా ఆ కుర్చీలు?"

"సరిగ్గా మైదానం మధ్య గీతకి ఎదురుగా. మంచు పడదు, ఎండ మొహాన కొట్టదు, మరుగుదొడ్డి దగ్గర."

"అంత వివరంగా ఎలా తెలుసు మీకు?"

"తెలుసు."

"కాఫీ తాగుతావా అమ్మా?"

"తాగుతా. మీ మామయ్య జీవితమంతా ఆ వరసలోనే గడిచింది నాయనా. ఆస్పత్రిలో ఆఖరి రోజు నర్సుని పిలిచి, నా మాట చెప్తాడేమో అనుకున్నా, టికెట్ల ఆఫీసుకి ఫోన్ చేసి నా పేరు ఎందాకా వచ్చిందో కనుక్కో అన్నాడు. ఇప్పుడా చోటు నాకొచ్చింది. నా తర్వాత దీనికి. నేనిచ్చే ఆస్తి అదొక్కటే."

"బాధగానే ఉంది అత్తయ్యా. కానీ నా చంకలోకి చూస్తూ చెప్పకండి."

"ఎక్కడికి చూడమంటావు? ఆ గోడ వైపు చూస్తే నా పెళ్ళి కానుక దుమ్ముకొట్టుకుపోయి కనిపిస్తోంది. ఆ కుర్చీ ఇలా లాగవే టెస్సా, గడియారం తుడిచిపెడతా."

"ఇప్పుడెందుకమ్మా?"

"క్రిస్మస్ దాకా ఆగాలా? పట్టుకో కుర్చీని."

"అత్తయ్యా, పడతారు."

"పడితే పట్టుకుంటావుగా."

"ఎడమచేత్తో."

"నేను ఒంటిచేతికి లొంగే మనిషిని కాదులే. అయిపోయింది, దిగుతున్నా. చూడు, ముల్లు ఎంత తళతళలాడుతోందో."

"టెస్సా."

"ఏంటి?"

"పన్నెండు. రెండు ముళ్ళూ కలిశాయి. పన్నెండయింది టెస్సా."

"వెండెల్."

"అయిపోయింది. వారమంతా ఎవరూ లాక్కోలేకపోయారు. నేను జట్టులో..."

"వెండెల్, ఆ చెయ్యి దించు."

"ఒక్కసారి టెస్సా. నేలకేసి ఒక్కసారి కొడతా. చెయ్యి దురదపెడుతోంది."

"కొట్టనియ్యవే పాపం. ఎన్నాళ్ళు మోశాడు. కొట్టు అల్లుడూ, గట్టిగా కొట్టు. కాస్త ఇటువైపు కొట్టు."

"మీరెందుకలా వంగున్నారు అత్తయ్యా?"

"నడుం పట్టేసింది."

"రెండు చేతులూ చాపి?"

"నాకు పడితే అలాగే పడుతుంది. నువ్వు కానియ్యి."

"ఒక్క నిమిషం... చర్చి గంట మోగిందా?"

"ఏ గంట నాయనా?"

"పన్నెండింటికి మోగుతుందిగా రోజూ. నాకు వినపడలేదు. టెస్సా, నీకు వినపడిందా?"

"లేదు."

"అయితే గీత ఇంకా దాటలేదు."

"ఇంకోసారి అను."

"గీత దాటలేదు. ఇదిగో, మళ్ళీ చంకలో పెట్టేసుకున్నా."

"అమ్మా, గడియారం ముందుకెలా వెళ్ళింది?"

"తుడిచేప్పుడు ముల్లుకి గుడ్డ తగిలుంటుంది. మీరిద్దరూ నన్నలా చూడకండి. ఆ కూర చల్లారిపోతోంది, ఇలా తెస్తానుండండి... అయ్యో, జారింది. అల్లుడూ, అల్లుడూ, పాత్ర..."

"వెండెల్, గాజు..."

"పట్టాను."

"బంతో?"

"చంకలోనే ఉంది. టెస్సా, గుడ్డ. గుడ్డ ఇలా పడెయ్. కాలుతోంది."

"కాలుతుంటే వదిలెయ్ నాయనా. బంగాళాదుంపలేగా, మళ్ళీ చేసుకొస్తా. రెండూ వదిలెయ్."

"ఒకసారి పట్టింది నేను వదలనత్తయ్యా."

"ఇదిగో గుడ్డ, దీని మీద పెట్టుకో. చూపించు, బొబ్బలెక్కిందా? ఉష్, ఆగండి. అదిగో గంట."

"చర్చిదేనా?"

"చర్చిదే. దాటేశావు. ఇప్పుడు కొట్టుకో నేలకేసి."

"వద్దులే. చెయ్యి రావట్లేదు."

"ఫోన్ మోగుతోంది. కోచ్."

"నా చెవి దగ్గర పెట్టు, చేతులు ఖాళీ లేవు. హలో. చెప్పండి సార్. ఉంది సార్, చంకలోనే. లేదు సార్, ఒక్కసారి కూడా. ఎడమచేతిలో కూర సార్. బంగాళాదుంప. సరే సార్... సరే సార్... నిజంగానా సార్?"

"ఏమంటున్నాడు?"

"ఉన్నానట."

"ఎక్కడ?"

"జట్టులో. ఏడవకు టెస్సా, ఫోన్ కదుల్తోంది. ఆఁ, చెప్పండి సార్. ఇంట్లోవాళ్ళకా? రెండా? మంచు పడని వైపేనా సార్? అత్తయ్యా, ఆటగాడి ఇంట్లోవాళ్ళకి సీజనంతా రెండు కుర్చీలిస్తారట. టెస్సాకీ మీకూ."

"ఊరికేనా?"

"జట్టులో ఉన్నవాడి ఇంటికి ఊరికే."

"అంటే నేను బంతి లాక్కుని ఉంటే..."

"మీ కుర్చీలే పోయేవి."

"ముందే చెప్పి చావొచ్చుగా. ఆ బంతి పక్కన పడుకుని నేనే కాపలా కాసేదాన్ని. రోలాండ్, విన్నావా, వచ్చేశాయయ్యా. ఒక్క కుర్చీలో నీ టోపీ పెట్టుకుంటాను, ఇది నిలబడి చూస్తుందిలే."

"ఆగండత్తయ్యా, కోచ్ ఇంకేదో అంటున్నాడు. ఎవరు సార్? పాస్టరా? మీ ఆఫీసు ముందా? ఈయన గంట కొట్టకుండా... ఓహో, ముందే వచ్చి నిలబడి, గంట కొట్టమని వాళ్ళావిడకి చెప్పాడా. పళ్ళ డాక్టరు కూడానా. తలో బంతీ పట్టుకునా?"

"ఎందుకట?"

"అందరూ నా దగ్గర లాక్కున్నదే అంటున్నారట. వరస వీధి చివరిదాకా ఉందట. పాస్టర్ బంతికి ఇంకా ధర చీటీ ఊడలేదట. నా బంతి నా దగ్గరే ఉంది సార్, వాళ్ళు కుర్చీల కోసం వచ్చారు. ఏ కుర్చీలేంటి సార్, లాక్కున్నవాళ్ళకి మీరిస్తానన్న... అనలేదా? ఎవరితోనూ అనలేదా? మోసుకు తిరగమని ఒక్కమాటే అన్నారా. సరే సార్. కనుక్కుంటా సార్."

"పెట్టేశాడా?"

"పెట్టేశాడు. టెస్సా, కుర్చీలిస్తానని కోచ్ అసలు ఎవరికీ చెప్పలేదట."

"అలాగా. ఈ సిరప్ గిన్నె అంటుకుపోయింది, నానబెట్టాలి."

"టెస్సా."

"ఇటు తిరగవే. ఆ కుర్చీల మాట నాకు చెప్పింది నువ్వే కదూ?"

"నేనే."

"ఎవరికీ చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నావు."

"వేయించుకున్నాను."

"మరి ఊరందరికీ ఎలా తెలిసిందే? ఇంకా ఎవరెవరికి చెప్పావు?"

"ఎవరికీ లేదమ్మా. నీకు చెప్పాక ఇంకెవరికి చెప్పాలి?"