ఆఖరి వాక్యం

భర్త ఆసుపత్రిలో పోయిన రోజు సాయంత్రం ఆ నటి ఇంగ్లండులోని లీడ్స్ నగర నాటకశాలకు ఎప్పటి వేళకే వచ్చింది. ఆ రాత్రి కొత్త నాటకం మొదటి ప్రదర్శన. ఏళ్ళుగా ఆమెకు దుస్తులు తొడిగే ముసలామె టీ కలిపి ముందు పెట్టింది.

“ఇంటికెళ్ళు తల్లీ. నీకు బదులుగా పాఠం నేర్చుకున్న మ్యూరియల్ ఉందిగా, నీ వేషం వేస్తుంది. అప్పుడే నీ గౌను తొడుక్కుంది కూడా.”

“విప్పమనండి. దానికి భుజాల దగ్గర జారుతుంది.”

“ఇవాళ నిన్నెవరూ తప్పుపట్టరు.”

“తెలుసు. ఇన్నాళ్ళూ సినిమాల్లో ముక్కలు ముక్కలుగా ఏడ్చాను. మళ్ళీ స్టేజీ ఎక్కమని పోరుపెట్టింది ఆయనే. ఇవాళ్టికి టికెట్ కూడా కొనుక్కున్నారు. ఊరికే ఇస్తే తీసుకోలేదు.”

“సరే, మూడంకాలూ నెట్టుకొస్తావు. ఆఖరి వాక్యం మాటేమిటి?”

“మొదటి ప్రదర్శనకు ముందే దాన్ని పైకి అంటే అరిష్టమని రిహార్సల్లో నా నోరు మూయించింది మీరేగా!”

“అరిష్టం ఎలాగూ జరిగిపోయింది. ఒక్కసారి నా దగ్గర అని చూడు.”

“వద్దు. జనం ముందే అంటాను. గౌను తెచ్చి హుక్కులు పెట్టండి.”

ముసలామె మ్యూరియల్ దగ్గర గౌను విప్పించి తెచ్చి, నటికి తొడిగి హుక్కులు పెట్టింది. గంట మోగింది. నటి లేచి వేదిక వైపు నడిచింది. “తలుపు వేయకండి, ఆయన వచ్చేస్తారు” అన్న ఆ వాక్యాన్ని ఆమె ఇంకా పలకలేదు.