గవరమ్మకి ముల్గా కర్ర

గుల్లలు ఏరడానికెళ్ళి మిన్నీ బే ఒడ్డున రాళ్ళ మీద జారిపడిన గవరమ్మ, కాలు నయమై మళ్ళీ బుట్ట పట్టుకునేసరికి, మొగుడు నూకన్న ఓ కొత్త కర్ర చేతికిచ్చాడు.

"ఏటిది మావా? అప్పుడే ముసిల్దాన్నైపోనానా?"

"ఊతకర్ర కాదే! అల్లుడు ఓడ మీద ఆస్ట్రేలియా నుంచి తెచ్చినాడు గదా, ముల్గా దుంగ, అదే ఇది. ఎడారిలో పెరిగే చెట్టంట. లోపలంతా నల్లబెల్లం రంగు, అంచుకి పసుపు. చెక్కలేక నా ఉలి మొద్దుబారిపోనాది."

గవరమ్మ నమ్మకుండా కర్ర కొసని నీళ్ళ బకెట్లో వదిలింది. అది బుడుంగున అడుక్కి దిగింది.

"అరే! కర్రంటే తేలాలి గానీ, రాయిలా మునిగిపోనాదేటి?"

"అంత గట్టిది మరి. అక్కడి ఆడోళ్ళు దీనికి మొన చెక్కి, గట్టినేల తవ్వి దుంపలు తీస్తారంట. నువ్వు గుల్లలు తవ్వుకుంటావని మొన చెక్కినాను."

"మొన సరే. పైన ఈ వంపెందుకు?"

నూకన్న సముద్రం వైపు చూశాడు.

"చెప్పు మావా."

"జారితే పట్టుకుంటావని."

గవరమ్మ కర్రని తీసి, పమిటతో మెల్లిగా తుడిచింది.

"సరేలే. కుడిచేతికి ఇదుంది. ఎడంచేతికో?"

"నాను లేనేటే? నన్ను మాత్రం బకెట్లో ఎయ్యకు."