బతుకమ్మ నడుమల నోటుబుక్కు

"లావణ్యా! ఓ లావణ్యా! ఆ టీవీ బంద్ చెయ్యే ముందుగాల! మళ్ల గదే చూపెడ్తుండ్రు."

"బంద్ చేసిన అవ్వా. ఇగో, ఫోన్ల రికార్డు పెట్టిన. శంకర్ తాత నీ చిన్నప్పటి ముచ్చట్లు పంపమన్నడు, తను తీసే సీరియల్ల పెడ్తడట. చెప్పు."

ఇంకేం ముచ్చట్లే? ఉన్నయన్నీ ఆగం చేసిండు కదా మా తమ్ముడు! మా ఇల్లంటడు, మా ఊరంటడు. నాట్లేసేటోళ్లకు పట్టుచీరలేందే? మాయి రెండు అర్రలు, ఒక కొట్టం. ఆ అద్దాల బీరువా ఎక్కడిది? బాపును మంచిగనే చూపెట్టిండు, అబద్ధమెందుకు. కని ఆ మీసాలేంది? బాపుకు మీసాలు లేకుండె.

సరే, అవన్నీ పోనీ. మా వదినను గట్ల చూపెడ్తడా? పిల్లగాడు కథలు రాసుకున్న నోటుబుక్కు గుంజుకపోయి పొయ్యిల పెడ్తది. పెట్టేది ఒక్కసారి, మనకు చూపెట్టేది మూడుసార్లు. ఢాం ఢాం అని సప్పుడొకటి. నువ్వు గూడ ఏడ్చినవ్, చూసిన నేను.

మొన్న నేను, వదిన మోకాళ్ల గోలీలకని ఎల్లారెడ్డి పోయినం. ఆటోల మన ఊరామెనే ఒకామె, "పుస్తకం కాలవెట్టినామె పక్కకు నేను కూసోను" అన్నది. పరాచికానికే అన్నదిలే. వదిన ఊకుంటదా? "జరుగు బిడ్డా, లేకుంటె నిన్ను గూడ పొయ్యిల వెడ్త" అన్నది. ఆటో ఆటోనే నవ్వింది. నాకే నవ్వు రాలే.

దిగినంక మెల్లగ అడిగింది వదిన, "శంకర్ పండుగకొస్తుండా?" అని. వస్తడు, నా ఇంటికొస్తడు. ఆమె గడప తొక్కడు. ఆమె చేతి నీళ్లు తాగక ఎన్నేండ్లాయె! పట్నంల గంత పెద్దోడయిండు, ఆ కోపం మాత్రం తొమ్మిదేండ్ల పోరనిదే.

"మరి నిజంగ కాలవెట్టలేదా అవ్వా?"

ఆగవే, నడుమల అడ్డం రాకు. ఏడికొచ్చిన? ఆఁ, నోటుబుక్కు. మా అన్న కామారెడ్డి పోయినప్పుడు ఎనిమిదాణాలు పెట్టి తెచ్చిండు దాన్ని. అమ్మ పోయి అప్పటికి రెండేండ్లు. కాదు, మూడు. శంకర్ నా కొంగు వట్టుకునే తిరిగెటోడు, నేను తినిపిస్తెనే తినెటోడు. వదిన కొత్తగ కాపురానికొచ్చింది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు పక్కింటి లచ్చవ్వ నా అంత ఎత్తు పేరుస్తున్నది. నా అంత అంటె... నడుం దాకనే అనుకో. నాకు పంతం. తంగేడు, గునుగు దండిగనే తెచ్చిన. కని నడుమల నింపుటానికి ఆకు చాలలే. పేరుస్తుంటె ఒక దిక్కు ఒరుగుతున్నది. మాపటి యాళ్ల అయితున్నది, అందరు కాలువకు ఎల్తుండ్రు. గూట్ల చెయ్యి వెట్టిన, ఏది దొరికితె అది...

తెల్లారి వాడు ఇల్లంత లెంకి ఏడుస్తుంటె నేను ఊడ్చిన వాకిలే మళ్ల ఊడుస్తున్న. నేను పేర్చేటప్పుడు చూసింది గద, వదిననే అన్నది, "పొయ్యి అంటుకోకుంటె నేనే పెట్టిన" అని. ఎన్కకు దొడ్లకు తీస్కపోయి నాతోని అన్నదే, "నీ మీద అలిగితె వాడు బువ్వ ముట్టడు. నా మీద అలిగితె ఏమాయె, నేను నిన్నగాక మొన్నొచ్చినదాన్ని."

రోజు చూస్తది ఆ సీరియల్, తెలుసా? సప్పుడు పెద్దగ పెట్టుకొని. "మా శంకర్ మంచిగ తీసిండు" అంటది. నాకు ఒళ్లు మండుతదే! ఆమె మీద కాదు, వాని మీద గూడ కాదు.

ఏదీ, ఆ ఫోన్ ఇటు తే. ఎర్రగ ఎలుగుతున్నదా? ఇంటడా వాడు?

శంకర్, ఇను. వదిన కాలవెట్టలేదురా. నీ పుస్తకం పోచారం కాలువల పోయింది, నా బతుకమ్మతోని. పేజీలు చింపి ఉండలు చేసి నడుమల కుక్కింది నేనే. కథలని నాకేమెర్క, నాకు సదువు రాదాయె. అట్ట నుంచి అట్ట దాక రాసి ఉండెరా... నిండిన పుస్తకం అంటె అయిపోయిన పుస్తకం అనుకున్న.