నూరు చెట్లు

కంబదూరు దగ్గర ఒక చీనీ తోట, అంటే బత్తాయి తోట. కొత్త బోరుకు సున్నంతో గుర్తు పెట్టినచోట, కాయలు కొనే వ్యాపారి, తోట యజమానురాలు నిలబడి ఉన్నారు.

“బోరు లారీ ఎప్పుడొస్తాదక్కా?”

“సాయంత్రానికి. నీళ్లు చూసే ఆయన అరచేతిలో టెంకాయ ఈడికొచ్చినాకే లేచి నిలబడింది.”

“పోయిన మూడుసార్లూ నిలబడింది కదా?”

“నిలబడింది. దుమ్మే వచ్చింది. అయితే నాలుగునూర్ల చెట్లు ఎండబెట్టుకోమంటావా?”

“ఉన్న ఒక్క బోరు ఎన్ని చెట్లకు చాలుతాది?”

“మూడునూర్లకు.”

“దాన్ని నాలుగునూర్లకు పంచుతాండావు. అందుకే తోటంతా కాయ గోలీ మాదిరి ఉండాది. నూరు చెట్లు తీసెయ్.”

“నాటింది నువ్వా, నేనా? నోటితో నరకడం సులువేలేప్పా.”

“మునుపు వాన నిదానంగా కురిసి బోర్లు నిండేవి. ఇప్పుడు ఏడాది వానంతా ఒక్కరోజే కురిసి వంకలో పోతాది. లోపలికి దిగని నీళ్లు కొత్త బోరులో యాడనుంచి వస్తాయక్కా?”

ఆమె తోట పడమటి వైపు తిరిగింది.

“పడమటి పక్క ముసలి చెట్లు మా నాయన నాటినవి.”

“ఆయనుంటే ఏమనేవాడు?”

“ఇన్నాళ్లూ వీటిని తియ్యకుండా ఏం చేసినావే అని తిట్టేవాడు.”

ఆమె ఫోన్ తీసింది.

“అన్నా, లారీ వద్దు. వెనక్కి తిప్పుకో. రంపం మిషన్ ఉండే మనిషి ఎవరన్నా ఉంటే పంపు.”

“ఏ వరస నుంచి మొదలుపెడతావక్కా?”

“మా నాయన చెట్ల నుంచే. అవి కొట్టినాక మిగతావాటికి నేను వెనకాడను.”