పలక మీద పెట్టిన గుడ్లు

ఆ గాజుపెట్టె కిటికీ పక్కన పెట్టకమ్మా, ఎండ పడితే నీళ్ళు పచ్చబడిపోతాయి. ఇటు, ఈ గోడవార పెట్టు. బల్ల ఊగకుండా చూసుకో. సగం పాత నీళ్ళతోనే తెచ్చావు, మంచి పని చేశావు. ఆ బకెట్టులోవి మాత్రం ఇప్పుడే పొయ్యకు. ఉండనీ అలా. ఎన్ని చేపలు, నాలుగా? చూడనీ. ఊఁ, ఏంజెల్ చేపలే. పైకీ కిందికీ తెరచాపల్లాగా ఆ రెక్కలూ అవీ. పిల్లలు పెట్టించాలని ఉందా? ఇంట్లో చెప్పే ఉంటారు, మీ తాతకి ఈ పిచ్చి ఉండేదని, పోయి చిన్నతాతని అడగమని. నన్నడిగితే ఏం చెప్తాను, మంచినీళ్ళ టాంకు దగ్గర పంపు తిప్పినవాణ్ణి. చేపలు మీ తాతవి. సరే, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలు విరిగింది, మంచం మీద కూర్చో.

మీ తాత మంచివాడని అందరూ చెప్పే ఉంటారు. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అయిపోతారు. నేను అనను. నాకు సొంత అన్న, పదకొండేళ్ళు పెద్ద, దర్జీ. పనిలో వంక పెట్టడానికి లేదు. ఆ నోరే. మనిషి ఇంకా కొట్టు మెట్టెక్కుతుండగానే "నడుం నలభై దాటింది, కిందటిసారి ముప్పై ఆరే" అనేవాడు, పదిమందీ వినేలాగా. తన చేతికి ఏది వచ్చినా పదిమందికీ చూపించాలి, అదీ ఆయన జబ్బు. కుట్టిన కోటు కొట్టు ముందు వేలాడదీసినట్టు అన్నిట్నీ వేలాడదీయాలి. నన్ను కూడా వేలాడదీశాడు, చెప్తా ఉండు.

నాకు ఇరవై ఏడేళ్ళు వచ్చేదాకా అక్షరమ్ముక్క రాదు. పగలంతా గోదాములో మూటలు మోసేవాణ్ణి. టాంకు దగ్గర ఆపరేటరు పని ఖాళీ అయిందన్నారు. అయితే అక్కడ రోజూ పుస్తకం రాయాలి, నీళ్ళు ఎన్నింటికి వదిలాం, బ్లీచింగ్ పౌడరు ఎంత కలిపాం అని. మీ తాత ఒక పలక కొన్నాడు. రాత్రి కొట్టు కట్టేశాక గుడ్డ కత్తిరించే బల్ల ముందు కూర్చోబెట్టి దిద్దించేవాడు. బలపం కూడా కొనలేదు చూడు, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద ఉందిగా అని. తప్పు రాస్తే స్కేలుతో వేళ్ళ మీద ఒకటి పడేది. పెళ్ళయిన మనిషిని నేను. అయినా నేర్పాడు, కాదనను. తొమ్మిది నెలల్లో నేర్పాడు, పని వచ్చింది. అక్కడితో ఊరుకోవచ్చుగా? మా అత్తవారి వైపువాళ్ళు ఇరవైమంది దాకా వచ్చిన రోజున, అందరి మధ్యా పేపరు నా చేతిలో పెట్టి "చదవరా, వినిపించు వీళ్ళకి" అన్నాడు. చదివాను. మూడో వాక్యంలో నాలుక మడతపడింది. పక్కనుంచి చిన్నపిల్లాడికి అందించినట్టు అందించాడు. అందించి, "ఈ గాడిదకి ఇంకా ఆరు నెలలు సుద్ద అరగాలి" అన్నాడు. అందరూ నవ్వారు. మా మామగారు కూడా. నా భార్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకూ మీ తాతకీ మాటల్లేవు. రెండేళ్ళు.

మాటల్లేవంటే ఇళ్ళు వేరని కాదు. ఒకే ఇల్లు, ముందు గదే ఆయన కొట్టు, ఒకే కుళాయి, ఒకే మెట్లు. ఎలా గడిచిందంటావా? మధ్యలో వదిన ఉంది, అదే, మీ నాయనమ్మ. "వదినా, మీ ఆయన తలుపు గడియ వెయ్యలేదని చెప్పు" అనేవాణ్ణి. ఆయన నాలుగడుగుల దూరంలోనే ఉంటాడు. "గడియ విరిగిందని నీ మరిదికి చెప్పవే" అనేవాడు. ఆవిడ చెప్పేది కూడా కాదు, మధ్యలో నిలబడేది, అంతే. కొన్నాళ్ళకి విసుగెత్తి "నేనేమన్నా టెలిఫోనునా, గోడకి చెప్పుకోండి ఇద్దరూ" అంది. నిజంగానే గోడకి చెప్పడం మొదలుపెట్టాం. నవ్వు, నవ్వు. మేం మాత్రం నవ్వలేదు.

చేపలు ఆ రోజుల్లోనే వచ్చాయి. కంటి డాక్టరు ఒకాయన, మీ తాత దగ్గర కోట్లు కుట్టించుకునేవాడు, ఊరు మారుతూ పెట్టె మొయ్యలేక ఇచ్చేసి పోయాడు. ఆరు చేపలు. నీ నాలుగు చాలవు, ఇంకో రెండు తెచ్చుకో. ఏది మగో ఏది ఆడో మనకి తెలీదు, వాటికే తెలుసు. పెరిగాక రెండు ఒక మూలకి చేరి మిగతావాటిని తరుముతాయి. అదీ జంట. అప్పుడు మిగతావి తీసి వేరే పెట్టాలి. గుడ్లు అంటించడానికి నున్నగా, నిటారుగా ఏదో ఒకటి కావాలి వాటికి. మీ తాత ఏం పెట్టాడో తెలుసా? నా పలక. చెక్క అంచు ఊడబీకి, ఒక్క మాట అడక్కుండా నా పలక తీసుకెళ్ళి నీళ్ళలో నిలబెట్టాడు. "ఆ పలక ఒకరిది" అన్నాను గోడతో. "కొన్నదెవరో కూడా గోడనే అడగమను" అన్నాడు.

జంట ఆ పలకని మూడు రోజులు నోటితో తుడిచింది. తర్వాత ఆడది కింది నుంచి పైకి వరసలుగా గుడ్లు అంటిస్తూ పోయింది, వెనకాలే మగది. ఎంత పొందిగ్గా ఉంటాయనుకున్నావు, మిషను మీద కుట్టు వేసినట్టు. రెండో రోజుకి తినేశాయి. అవును, అవే. కొత్త జంట బెదిరితే తినేస్తుంది. చప్పుడైనా, నీడ పడినా, మనం అస్తమానం వంగి చూసినా. మీ తాత చూడకుండా ఉండగలడా? ఏడుసార్లు పెట్టాయి, ఏడుసార్లూ తిన్నాయి. వీధిలో పోయేవాళ్ళు కొట్లోకి తొంగి చూసి "ఏం దర్జీ, ఈసారి కూడా అమ్మానాన్నా భోంచేశారా" అనేవాళ్ళు. నవ్వించిన మనిషి నవ్వులపాలయ్యాడని నాకు లోపల్లోపల హాయిగానే ఉండేది, అబద్ధం ఎందుకు. ఎనిమిదోసారి గౌన్ల కొలతలు గీసే కాగితం పెట్టెకి మూడువైపులా అంటించాడు. ఇంట్లో అందర్నీ చెప్పులు విప్పి నడవమన్నాడు. వదిన గిన్నె కింద పెడుతుంటే పరుగెత్తుకెళ్ళి కింద గుడ్డ పరిచేవాడు. ఈసారి నిలబడ్డాయి. తెల్లబడిన గుడ్డు చచ్చిన గుడ్డు, గుర్తుపెట్టుకో, వాటిని అవే ఏరి పారేస్తాయి. మిగతావి మూడో రోజుకి తోకలొచ్చి పలక మీదే కొట్టుకున్నాయి, ఇంకో వారానికి ఈదాయి. నూటముప్పై దాకా. ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనని పల్చటి గుడ్డలో వేసి పిండి, చుక్కచుక్కగా పెట్టేవాడు. నువ్వు సొన పెట్టకు, ఇప్పుడు మంచి మేతలు వచ్చాయట. సొన నీళ్ళని కుళ్ళబెడుతుంది. అందుకే ఆయన రోజూ కాస్త నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాల్సి వచ్చేది.

ఆ నీళ్ళ దగ్గరే ఉంది సంగతంతా. కుళాయి నీళ్ళు తిన్నగా పోస్తే చేప చస్తుంది, ఆ బ్లీచింగ్ మందుంటుంది అందులో. డ్రమ్ములో పట్టి మూత లేకుండా ఒక రోజు ఉంచితే మందు గాలికి పోతుంది. పోయిందో లేదో ముక్కు చెప్తుంది. మీ తాతకి ముక్కు లేదు. ముక్కుపొడి పీల్చి పీల్చి ఎప్పుడో చచ్చిపోయింది, మిషను కింద ఎలుక కుళ్ళినా తెలిసేది కాదు. ఇంట్లో మిగిలింది నా ముక్కు. ముక్కేమిటి, ఆ మందు కలిపే చెయ్యే నాది. పైవాళ్ళు ఎక్కువ వెయ్యమన్న రోజున ఇంటికొచ్చి చెప్పేవాణ్ణి, ముందు వదినకి, తర్వాత్తర్వాత గోడకి, "ఇవాళ మందెక్కువ, రెండు రోజులు ఆగాలి" అని. ఆయన మారు మాట్లాడేవాడు కాదు. డ్రమ్ము మీద సుద్దతో ఒక గీతకి బదులు రెండు గీసేవాడు. ఎన్ని గీతలుంటే అన్ని రోజులు. పేచీలో కూడా ఆ ఒక్కటీ తప్పలేదు.

పిల్లలకి నెల నిండింది. వీపు మీదా కడుపు కిందా రెక్కలు లేచాయి. గోరంత చేపలు, అచ్చం పెద్దవాటిలాగే. ఆదివారం వీధందర్నీ రమ్మన్నాడు, కాగితం తీసి చూపిస్తానని. ఎవరెవరు వస్తున్నారో గుమ్మంలో కూర్చుని వదినకి లెక్కచెబుతూ "మన తమ్ముడి మామగార్ని కూడా పిలిచాను" అన్నాడు. మామూలుగానే అన్నాడేమో. నాకు మాత్రం ఆ పేపరే కళ్ళముందుకొచ్చింది.

గురువారం కింది వీధిలో పైపు పగిలి మురుగు కలిసింది. ఇంటింటా వాంతులు. ఇంజనీరు పరుగెత్తుకొచ్చి మూడింతలు కలపమన్నాడు. మూడింతలు అంతకుముందు ఎప్పుడూ కలపలేదు, నా కళ్ళే మండాయి. కలిపాను, పుస్తకంలో రాశాను, ఇంటికొచ్చాను. వదిన లేదు, వాళ్ళ అమ్మకి బాగాలేదని ఆ పొద్దునే వెళ్ళింది. మీ తాత కూనిరాగం తీస్తూ డ్రమ్ము నింపుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. వదిన లేకపోతేనేం, గోడ ఉంది. గోడ ఎక్కడికీ వెళ్ళలేదుగా. ఆయన సుద్ద తీసి డ్రమ్ము మీద ఒక గీత గీశాడు. గీసి, చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూశాడు, రెండోది గియ్యాలా అన్నట్టు. నేను చెప్పులు విప్పి లోపలికి వెళ్ళిపోయాను.

మర్చిపోయానని చెప్పుకున్నాను. ఆ వాంతుల గొడవలో బుర్ర పనిచెయ్యలేదని. ఎవరికి చెప్పినా అదే చెప్పాను, నాకు నేనూ అదే చెప్పుకున్నాను. శుక్రవారం పగలంతా ఉంది కదమ్మా, చెప్పడానికి.

శుక్రవారం సాయంత్రం, ఆదివారానికి పెట్టె అద్దంలా ఉండాలని, ఏ రోజూ లేనిది సగం నీళ్ళు మార్చాడు. నేను పక్క గదిలో ఉన్నాను. ముందు పెద్దవి రెండూ పలకకేసి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన అటూ ఇటూ పరుగెత్తడం. పిల్లలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. వాటిని గుడ్డతో ఎత్తి పెట్టడానికి ఇంట్లో వేరే నీళ్ళు లేవు. బిందెలో, తొట్టిలో, ఎందులో చూసినా ఉన్నవి నేను వదిలిన నీళ్ళే. నేను వెళ్ళేసరికి తెల్లగా దారప్పోగుల్లాగా తేలుతున్నాయి. ఆయన మోచేతుల దాకా తడిసిపోయి నిలబడి ఉన్నాడు. నా మొహంలోకి చూశాడు, గోడకేసి కాదు.

"మందెక్కువేశారా, తమ్ముడూ?"

రెండేళ్ళ తర్వాత మొదటి మాట.

"ఎప్పుడూ వేసేదే" అన్నాను.

ఆదివారం వచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పంపేశాడు. మా మామగారు అక్కడ కూడా ఏదో హాస్యమాడాడు. మీ తాత తల ఊపాడు. సోమవారం నేను పనిలో లేని వేళ చూసి టాంకు దగ్గరికి వచ్చాడట. తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. పుస్తకం అడిగి తీసుకుని, గురువారం పేజీ తీసి నిలబడే చదివాడట. మూడింతలు అని ఉంది, నా చేత్తో రాసిందే. చదివి, మూసి, వాచ్‌మన్‌ చేతికిచ్చి "రాత కుదిరింది వీడికి" అని వెళ్ళిపోయాడట.

ఇంటికొచ్చి అడుగుతాడనుకున్నాను. ఏం చెప్పాలో కూడా కూడబలుక్కున్నాను. అడగలేదు. ఆ రోజు నుంచి నాతో మామూలుగా మాట్లాడాడు. తిన్నావా అని. వాన వచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళు అని. పలక కడిగి నా గదిలో పెట్టాడు. గాజుపెట్టెలో గుండీలు పోసుకున్నాడు. నాలుగేళ్ళు బతికాడు ఆ తర్వాత. ప్రతిదీ పదిమందిలో వేలాడదీసే మనిషి, ఈ ఒక్కటీ వదినకి కూడా చెప్పకుండా పోయాడు. ఒక్కసారి గాడిదా అని ఉంటే నా రెండేళ్ళకీ సరిపోయేది. అనలేదు. మంచితనం అంటారు మీ వాళ్ళు. నన్ను ఇలా ఒక్కణ్ణీ మోసుకోమని వదిలేసిపోవడం మంచితనమా?

 సరేలే. ఆ బకెట్టులో నీళ్ళు ఎప్పుడు పట్టావు? నిన్ననా? ఏదీ, ఆ చెయ్యి ఇలా ఇవ్వు, లేపు నన్ను. వాసన చూస్తాను.